పత్తికి తెలుపు ఎక్కడిది?



పత్తి ఏ రంగులో వుంటుందని బడిపిల్లవాణ్ణి అడగండి, తెలుపని చెబుతాడు. వాళ్ళ నాయనమ్మను అడిగినా అదే మాట. తల నెరిసినవాళ్ళను చూసి పత్తిపింజలా అయిందంటాం. దేవుడి దగ్గరకు వత్తులు చేసుకున్నా, పురిటింట్లోకి దూది తెప్పించినా, పెళ్ళికి పరుపులు కుట్టించినా మన కంటికి కనబడేది ఆ తెలుపే. పాలకు తెలుపు ఎవరిచ్చారని అడగనట్టే పత్తికి తెలుపు ఎవరిచ్చారనీ మనం అడగం.

అడగవలసిన మాటే అది. ఎవరూ నాటకుండా తనంతట తాను పెరిగే అడవిపత్తి కాయను పగలదీసి చూస్తే లోపలి పింజ చాలామటుకు తెల్లగా వుండదు. గోధుమరంగో, తుప్పురంగో, చిత్తడినేల మట్టిరంగో వుంటుంది. తెల్లపత్తి మనిషి ఏరుకున్న పత్తి. వేల ఏళ్ళపాటు ఎవరెవరో ఈ గింజ వుంచుదాం, ఆ గింజ వద్దని చేరుస్తూ, తీసేస్తూ వస్తే మిగిలినది. ఆ ఏరివేతలో తెలుపు ఒక్కటే మిగలలేదు, కొన్నిచోట్ల రంగులూ మిగిలాయి. మన గుంటూరు, కృష్ణా జిల్లాల చేలల్లో కూడా మిగిలాయి. అవి ఏమయ్యాయన్నదే నాకిచ్చిన ఈ కాస్త సమయంలో చెప్పాలని వుంది.

ముందు పింజ సంగతి. పత్తిపింజ అంటే గింజ ఒంటిమీది వెంట్రుక. ఒక్కొక్క పోచా ఒకే ఒక్క జీవకణం, సన్నగా సాగిపోయిన కణం. గోధుమరంగు పత్తిలో ఆ కణంలోపల టానిన్ అనే వగరు పదార్థం చేరుతుంది. కాయ పగిలిన రోజున అంతగా తెలియదు గాని, ఎండా గాలీ తగిలిన కొద్దీ రంగు తేరుతుంది. కోసిన వంకాయ ముక్క గాలి తగిలి నల్లబడటం రోజూ మనం వంటింట్లో చూస్తున్నదే, దాదాపు అదే వరస. పచ్చరంగు పత్తి కూడా వుంది. దాని పచ్చదనం టానిన్ వల్ల వచ్చింది కాదు, పింజ పొరల్లో పేరుకునే మైనంలాంటి పదార్థం వల్ల వచ్చింది. ఆ పచ్చ ఎండకు ఆగదు, క్రమేణా వెలిసి గోధుమలోకి దిగిపోతుంది. గోధుమరంగు పత్తి తీరు వేరు. దాని బట్ట మొదటి కొన్ని ఉతుకులకు వెలవకపోగా ఇంకా చిక్కబడుతుంది. ఉతికితే రంగు పోతుందని భయపడటమే తెలిసిన మనకు ఇది కొత్త సంగతి.

ఈ రంగుల్ని ఎవరు నిలబెట్టారు? పేర్లు రాసిపెట్టిన చరిత్ర లేదు. కాని పద్ధతి ఊహించటం కష్టం కాదు. పత్తి తీసేది ఆడవాళ్ళు. గింజ వేరుచేసేదీ, వడికేదీ వాళ్ళే. వచ్చే ఏటికి విత్తనం కుండలో పోసి మూతికి గుడ్డ కట్టేదీ చాలా ఇళ్ళల్లో వాళ్ళే. వడికే మనిషి వేళ్ళకు తెలిసినట్టు పింజ గుణం ఇంకెవరికీ తెలియదు. ఈ మొక్క పింజ జారుగా వస్తున్నది, ఆ మొక్కది తెగుతున్నది, ఇది మంచి ఎరుపు తిరిగింది అని తెలిసినవాళ్ళే గింజలు విడిగా తీసిపెడతారు. అట్లా వందల తరాలు గడిస్తే అది ఒక జాతి అవుతుంది. దీనికి శాస్త్రం తరువాత పేరు పెట్టింది గాని, పని మాత్రం పేరుకు ముందునుంచీ జరుగుతూనే వుంది.

దీనికి బాగా సాక్ష్యం దొరికిన చోటు దక్షిణ అమెరికాలోని పెరూ దేశం. సముద్రానికీ ఆండీస్ కొండలకూ మధ్యనున్న ఆ తీరం మహా పొడినేల, వాన పడటమే అరుదు. అందువల్ల ఇసుకలో పూడిన గుడ్డముక్క వేల ఏళ్ళయినా చివకదు. ఉత్తర తీరంలో వాకా ప్రియేటా అనేచోట 1946లో జూనియస్ బర్డ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు తవ్వకాలు జరిపితే నాలుగువేల ఏళ్ళనాటి పత్తిబట్టలు ముక్కలు ముక్కలుగా బయటపడ్డాయి. మగ్గం ఎరగని రోజులవి, చేత్తో అల్లినవి. తరువాతి తవ్వకాల్లో అదేచోట ఇంకా పాతవి, సుమారు ఆరువేల ఏళ్ళనాటివి దొరికాయి. వాటిలో నీలిమందు అద్దిన చారలున్నట్టు 2016లో ప్రకటించారు. అంతవరకూ ప్రపంచంలో ఎక్కడా అంత పాత నీలిమందు బట్ట దొరకలేదు.

ఈ నీలిచార దగ్గర కాస్త ఆగాలి. పత్తిలో గోధుమరంగు పుడుతుంది, ఎరుపు తిరిగిన మట్టిరంగు పుడుతుంది, పచ్చ పుడుతుంది, పెరూలోనైతే లేత ఊదా చాయ కూడా పుడుతుంది. నీలం మాత్రం పుట్టదు. ఎన్ని తరాలు ఏరినా చెట్టులో లేనిది చెట్టునుంచి రాదు గదా. చెట్టు ఇచ్చిన రంగును చెట్టునుంచి తీసుకుని, ఇవ్వని రంగును ఆకు పులియబెట్టి అద్దుకున్నారు ఆ జనం. రెంటికీ పోటీ వుందని వాళ్ళనుకోలేదు. ఆ పోటీ తరువాత వచ్చింది.

స్పెయిన్‌వాళ్ళు వచ్చినా, తోటల్లో తెల్లపత్తి వ్యాపారం పెరిగినా పెరూ ఉత్తర తీరపు పల్లెల్లో రంగుపత్తి చెట్లు పెరటి గట్లమీదా, కాలవల పక్కనా బతికాయి. ముదురుగోధుమ పత్తితో వలలు అల్లితే నీటిలో చేపకు కనబడవని అక్కడి జాలరులు చెప్పేవారట. ఇరవయ్యో శతాబ్దంలో ప్రభుత్వం ఈ చెట్లకు ఎదురు తిరిగింది. ఏడాది పొడుగునా చేలో వుండే చెట్లు చీడలకు ఆలవాలమనీ, పక్కనున్న తెల్లపత్తిలో కలిసిపోయి ఎగుమతి సరుకును చెడగొడతాయనీ వీటిని పీకించటానికి చట్టాలు తెచ్చారు. 1970లలో జేమ్స్ వ్రీలాండ్ అనే పరిశోధకుడు లాంబయేకే ప్రాంతంలో మొర్రోపే అనే ఊరికి పోయేసరికి ముసలి వడుకరులు ఆ పత్తి ఇంకా వడుకుతూనే వున్నారు. చట్టం పీకించిన చెట్టును వాళ్ళు పెరట్లో దాచుకున్నారు. 2008లో అదే దేశం ఆ దేశవాళీ పత్తిని జాతిసంపదగా ప్రకటిస్తూ మరో చట్టం చేసింది. చెట్టు అదే, దేశమూ అదే. మారినది గిరాకీ ఒక్కటే.

ఇక మన సంగతి. మనం తెలుపువైపు ఎక్కువగా మొగ్గినవాళ్ళం, అందుకు కారణమూ వుంది. అద్దకంలో మనకంటే ముందున్నవాళ్ళు తక్కువ. మొహంజొదారోలో ఒక వెండిపాత్రకు అంటుకుని దొరికిన పత్తిగుడ్డ పేలికకు మంజిష్ఠ ఎరుపు అద్ది వుంది. అంటే నాలుగువేల ఏళ్ళకు పైబడిన మాట. మన కోస్తాలో చిరివేరు తవ్వి ఎరుపు తీశారు, నీలిమందు కాగుల్లో ముంచి నీలం తీశారు. మచిలీపట్నంనుంచి ఓడలకెక్కిన అద్దకపు బట్టలకు ఐరోపా ఆడవాళ్ళు వెర్రెత్తిపోయారు. అద్దకం చేసేవాడికి బట్ట తెల్లకాగితంలాగా వుండాలి. చవుడులో ఉడకబెట్టి, రేవులో ఉతికి, ఇసుకతిన్నెలమీద ఆరవేసి తెలుపు తెచ్చుకునేవారు. ఆ తరువాత కరక్కాయ పొడి కలిపిన పాలల్లో ముంచేవారు. కరక్కాయలో వున్నది కూడా టానిన్ వర్గపు వగరే. ఉన్న రంగును ఉతికి పోగొట్టి, మళ్ళీ వగరు పట్టించి, దానిమీద రంగు నిలపటం. అంత కష్టపడి చేశారు గనకనే అంత అందంగా వచ్చింది. నేను కలంకారీని తక్కువ చెయ్యటంలేదు. తెలుపు ఎందుకు నెగ్గిందో చెబుతున్నాను.

అయినా రంగుపత్తికి మార్కెట్టు లేకపోలేదు. చైనాలో నాన్‌జింగ్ ప్రాంతంలో పసుపుతిరిగిన గోధుమరంగు పత్తి పండేది. దాని బట్టను నాన్కీన్ అని పిలిచి పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల్లో ఇంగ్లీషు దొరలు లాగులు కుట్టించుకునేవారు. గిరాకీ చూసి మాంచెస్టర్‌వాళ్ళు తెల్లబట్టకే ఆ రంగు వేసి అదే పేరుతో అమ్మారు. మొదట రంగు పుట్టింది, తరువాత పేరు మాత్రమే మిగిలింది.

అమెరికాలో కథ వేరు. అక్కడ లూయిజియానా రాష్ట్రంలో స్థిరపడ్డ ఫ్రెంచి రైతుకుటుంబాలు గోధుమరంగు పత్తి పండించి దుప్పట్లు నేసుకునేవి. తల్లి కూతురికి సారెగా ఆ దుప్పట్లు పెట్టేది. పెద్ద పెద్ద తోటల్లో పనిచేసిన నల్లజాతి బానిసల్ని మాత్రం తమకోసం తెల్లపత్తి వేసుకోనిచ్చేవారు కాదనీ, గోధుమరంగుది అయితే కొన్నిచోట్ల ఒప్పుకునేవారనీ చెబుతారు. తెల్లపత్తి అయితే దొరగారి చేలోదో, వీళ్ళ పెరటిదో తెలియదు గదా! పింజ రంగే దొంగతనానికి కాపలా అన్నమాట. పగలంతా ఒక రంగు పత్తి తీసి, రాత్రి దీపం దగ్గర మరో రంగు పత్తి వడికిన ఆ ఆడవాళ్ళను తలుచుకుంటే మనసు అదోలా అవుతుంది.

ఇప్పుడు కాకినాడ. ఇంగ్లీషువాళ్ళు కోకనాడా అని రాసేవారు. అందులో కోక వుండటం కాకతాళీయమే అయినా బాగానే కుదిరింది. ఎందుకంటే ప్రపంచపు పత్తి బజార్లలో "కోకనాడాస్" అంటే ఒక పత్తి పేరు. అది కాకినాడలో పండేది కాదు. గుంటూరు, కృష్ణా, నెల్లూరు ప్రాంతాల నల్లరేగడిలో పండి, బళ్ళమీదా పడవలమీదా కాకినాడ రేవు చేరేది. ఓడ ఎక్కిన ఊరి పేరే దానికి ముద్రపడిపోయింది. పండించిన ఊళ్ళ పేరు మునిగి, ఎగుమతి చేసిన ఊరి పేరు తేలటం మన సరుకులకు మామూలే. దాని పింజ మసక గోధుమరంగు, ఒక తీరు ఖాకీ. అటు కర్నూలు, అనంతపురం, కడప వైపు పండే మరో ఎర్రపత్తిని వర్తకులు "రెడ్ నార్తరన్స్" అనేవారు. వ్యవసాయ శాఖవాళ్ళు ఈ రంగుపత్తిలో మేలైనవి ఏరి కోకనాడ-1, కోకనాడ-2 అని రకాలుగా కూడా తీశారు. అంటే సర్కారు శాస్త్రజ్ఞులు సైతం కొంతకాలం రంగు నిలవాలనే ఏరారు. ఈ పత్తి జపానుకు పోయేది. 1940ల దాకా ఆ గిరాకీ నడిచింది.

ఎందుకు ఆగింది? ఒక్క కారణం చెబితే అబద్ధమవుతుంది. మర యంత్రానికి కావలసింది పింజ పొడవు. చేతిరాట్నానికి పొట్టిపింజ అడ్డం కాదు, వేళ్ళు సర్దుకుంటాయి. మిల్లులో కదురు సర్దుకోదు. పింజ అంగుళం దరిదాపుల్లో లేకపోతే సన్ననూలు తీయలేదు, తెగిపోతుంది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు మాంచెస్టర్‌కు మన పత్తి కావలసివచ్చింది, కాని పొట్టిదని సణుగుతూనే కొన్నారు. యుద్ధం ఆగగానే మొహం తిప్పేశారు. అప్పటినుంచీ మన పత్తిని పొడుగు చెయ్యాలనే ప్రయత్నాలే. మద్రాసు రాష్ట్రంలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కంబోడియా అనే అమెరికన్ జాతి పత్తి దిగింది. మేలురకాల్లో నాసిరకాలు కలపటం ఆపటానికి 1923లో పత్తి రవాణా చట్టం, 1925లో జిన్నింగు ప్రెస్సింగు ఫ్యాక్టరీల చట్టం వచ్చాయి. ఇవేవీ రంగును నిషేధించలేదు. కల్తీని ఆపాయి. కాని తెల్లపత్తి బేలులో గోధుమ పింజ కనబడితే దాన్ని కల్తీ అనే అంటారు. అట్లా మన చేలో పుట్టిన రంగు మన బజార్లో మరక అయిపోయింది.

మరి పొట్టిపింజను పొడుగు చెయ్యరాదా, రంగు వుంచి? ఇక్కడ ఒక చిక్కుంది. మన నాటుపత్తి కణంలో 26 క్రోమోజోములు, అమెరికన్ పత్తిలో 52. ఈ రెంటికీ వియ్యం కలపటం మహాకష్టం, కలిపినా సంతానం చాలావరకు గొడ్డుపోతుంది. కనుక కోకనాడ పత్తికి పొడుగు పింజను బయటినుంచి తేవటం తేలిక కాలేదు. ఆ శ్రమ పడటానికి ఎవరికీ అవసరమూ కనబడలేదు. అప్పటికే రంగు డబ్బాలో దొరుకుతున్నది. 1856లో ఇంగ్లండులో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు తారునుంచి ఊదారంగు తీసినది మొదలు, రసాయన రంగులు నీలిమందునూ చిరివేరునూ కూడా మింగేశాయి. తెల్లగా పండించు, రంగు కొనుక్కో - ఇదీ కొత్త ధర్మం.

నాటుపత్తి పోయి పొడుగు పింజ సంకరాలు వచ్చాయి. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ తయారుచేసిన హెచ్-4, రెండేళ్ళ తరువాత ధార్వాడనుంచి వరలక్ష్మి వచ్చి పత్తి పంట స్వరూపమే మార్చేశాయి. దిగుబడి పెరిగింది, ఆ మాట కాదనకూడదు. దానితోపాటు పురుగుమందు ఖర్చూ పెరిగింది. 1980ల మధ్య గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పడి చేలు ఊడ్చిపెట్టుకుపోయాయి. 1987-88లో పత్తిరైతులు పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్న వార్తలు చదివినవాళ్ళు మరిచిపోలేరు. రంగుపత్తి వుంటే ఇవి జరిగేవి కావని నేననటంలేదు. ఒకే రంగు, ఒకే పొడవు, ఒకే బజారు అన్నప్పుడు రైతుకు రెండో దారి మిగలదని మాత్రం అంటున్నాను.

పూర్తిగా పోలేదన్నదానికి శ్రీకాకుళం జిల్లా పొందూరు వుంది. అక్కడ కొండపత్తి, పునాసపత్తి, ఎర్రపత్తి అని మూడు పేర్లు వినబడతాయి. ఎర్రపత్తి పింజకు కాస్త ఎరుపు జీర వుంటుంది. గింజ తీయకముందు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, ఆ సన్నపళ్ళకు చెత్తా పొట్టిపింజా చిక్కుతాయి. తరువాత విల్లుతో ఏకి, ఏకులు చేసి, రాట్నంమీద నూరో నంబరు పైచిలుకు నూలు తీస్తారు. ఇదంతా చేసేది ఆడవాళ్ళు. గాంధీగారు ఆ నూలు సన్నదనం విని నమ్మకం కుదరక కుమారుడు దేవదాసును పంపి చూసిరమ్మన్నారని ప్రసిద్ధి. పొట్టిపింజ సన్ననూలుకు పనికిరాదన్న మిల్లుశాస్త్రం పొందూరు అరుగుమీద చెల్లలేదు. చెల్లించుకోవటానికి ఎన్ని గంటల ఒళ్ళు నొప్పులు పడుతున్నాయో, దానికి చేతికొచ్చే కూలి ఎంతో అడిగితే మాత్రం మాట తడబడుతుంది.

వడికే వేళ్ళే మళ్ళీ రంగుపత్తిని మిల్లుదాకా నడిపించిన కథ ఒకటి వుంది. కాలిఫోర్నియాలో శాలీ ఫాక్స్ అనే ఆమెకు చిన్నప్పటినుంచీ కదురు తిప్పటం సరదా. చదివింది కీటకశాస్త్రం. ఆఫ్రికాలో గాంబియా దేశంలో కొంతకాలం సేవకు వెళ్ళి, పురుగుమందుల వాడకం తీరు చూసి వచ్చింది. 1982లో ఒక పత్తి సంకర నిపుణుడి దగ్గర పనికి చేరింది. పురుగును తట్టుకునే రకాలకోసం ఆయన తెప్పించిన విత్తనాల్లో ఒక సంచిలో గింజలు గోధుమరంగు పింజతో వున్నాయి. పురుగుకు లొంగవు, కాని పింజ రంగుది, పొట్టిది, ముతక. ఈ రంగే వుంచి పింజ బాగుచేయరాదా అని ఆమె అడిగింది. దీనికి బజారు లేదమ్మా, కావాలంటే నువ్వే చేసుకో అన్నాడాయన. చేసుకుంది. మొదట కుండీల్లో, తరువాత కౌలుకు తీసుకున్న చిన్న చెక్కలో.

ఆమె చేసిన పని ఏమిటో కొంచెం వివరంగా చెబుతాను. పత్తిపువ్వు పొద్దున విచ్చుకుంటుంది. ముందురోజు సాయంత్రమే మొగ్గలోని కేసరాలు గిల్లివేసి, ఆ మొగ్గకు కాగితపు తొడుగు తొడిగి, మర్నాడు పొద్దున వేరే రకం పువ్వు పుప్పొడి తెచ్చి రాస్తే రెండు రకాలకూ వియ్యం కుదురుతుంది. పొడుగు పింజ తెల్లరకానికీ పొట్టిపింజ గోధుమరకానికీ ఇట్లా కలిపితే మొదటి తరమంతా మధ్యరంగు, చామనఛాయ పిల్లల్లాగా. వాటి గింజలు మళ్ళీ వేస్తే రెండో తరంలో చెట్లు చెల్లాచెదరు. కొన్ని గోధుమ, కొన్ని తెలుపు, కొన్ని నడిమి రంగు, పొడవూ అట్లాగే రకరకాలు. రంగూ పొడవూ ఒక్క చెట్టులో కలిసి వచ్చినది అరుదు. దానికోసం ఆమె ప్రతి చెట్టు పింజనూ విడిగా తీసి, చేత్తో వడికి చూసేది. నూలు బాగా వచ్చిన చెట్టు గింజలే మరుసటి ఏటికి. ఏడాదికి ఒకే పంట, ఒకే అవకాశం. అట్లా ఏడాది తరువాత ఏడాది ఏరుతూ పోతే 1980ల చివరకు మిల్లు కదురుకు ఆగే గోధుమ, పచ్చ పత్తులు తయారయ్యాయి. మొదట కొన్నది జపాను మిల్లు. మన కోకనాడ పత్తి కొన్న దేశమే!

ఫాక్స్‌ఫైబర్ అని పేరు పెట్టుకుంది. 1990ల మొదట్లో లీవైస్ వంటి పెద్ద కంపెనీలు అద్దకం లేని ఆ బట్టతో దుస్తులు తెచ్చాయి. ఆమె పేరు పత్రికలకెక్కింది. అక్కడే మొదలయింది తగువు. కాలిఫోర్నియాలో శాన్ వాకీన్ లోయలో 1925లో వచ్చిన చట్టం ప్రకారం ఒకే రకం తెల్లపత్తి వెయ్యవలసి వుండేది. అలాంటిచోట పక్కచేలో గోధుమ పత్తి వేస్తే, తేనెటీగలు పుప్పొడి మోసుకొస్తాయనీ, జిన్నులో గింజలు కలుస్తాయనీ తెల్లపత్తి రైతులకు భయం. ఆ భయం ఒట్టిది కాదు, న్యాయంగా చెప్పాలి. ఆమె అరిజోనా రాష్ట్రానికి తరలిపోయింది. అక్కడా పత్తిరైతులే, అక్కడా అదే గొడవ. 1990ల చివరకు ఎవరూ పత్తి వెయ్యని లోయ ఒకటి వెతుక్కుని మళ్ళీ కాలిఫోర్నియా చేరింది. ఈలోగా అమెరికాలోనూ జపానులోనూ ఆమె పత్తి కొనే నూలుమిల్లులు కూలి తక్కువైన దేశాల పోటీకి ఆగలేక ఒకటొకటిగా మూతపడ్డాయి. పింజను మరకు సరిపోయేట్టు చేసేసరికి మరే లేకుండా పోయింది.

ఆవిడ గొర్రెల్ని కూడా సహజమైన రంగు ఉన్నికోసమే పెంచుతున్నదని విన్నప్పుడు నాకు మన గొంగడి గుర్తొచ్చింది. గొర్రె విషయంలోనూ ప్రపంచమంతా తెలుపే ఏరింది, రంగు వేసుకోవటానికి వీలని. మన తెలంగాణలోనూ దక్కను పీఠభూమి మీదా కురుమలు మాత్రం నల్లగొర్రెనే నిలుపుకున్నారు. నల్లపొట్టేలును చూసి మందలో వదిలేవారు. ఆడవాళ్ళు ఉన్ని వడికితే మగవాళ్ళు నేసి, చింతగింజల గంజి పట్టించి గొంగడి చేసేవారు. ఒక్క బొట్టు రంగు వెయ్యని నలుపు. వానకూ చలికీ ఆగుతుంది. ఇప్పుడు మాంసానికి గిరాకీ, ఉన్నికి లేదు. ఉన్నిలేని ఎత్తుగొర్రెలు మందల్లో చేరి నల్లగొర్రె తగ్గిపోతూ వచ్చింది. ఇది వేరే ప్రసంగానికి సరిపడే కథ, ఇక్కడ ఆపుతాను.

మన దేశంలో శాస్త్రజ్ఞులు ఊరుకోలేదు. ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయంవాళ్ళు ఖద్దరుకోసం నాటుజాతిలోనే గోధుమ పింజ రకం తీశారు. భారత వ్యవసాయ పరిశోధన మండలివారి రంగుపత్తి రకాల్లో వైదేహి-95 అనేది 2020లలో బాగా వినబడుతున్న పేరు. ఎవరు పెట్టారో గాని పేరు బాగుంది, వైదేహి నాగేటిచాలులో దొరికిన బిడ్డ, మట్టిరంగు ఆమెకు తప్పేమీ కాదు. బ్రెజిల్‌లో 2000లో గోధుమరకం ఒకటి విడుదల చేసి, వానలు తక్కువైన పరాయిబా రాష్ట్రంలో చిన్నరైతులచేత వేయించి, కొనేవాళ్ళను ముందే కుదిర్చారు. ఆ ముందే కుదర్చటమే అసలు కిటుకు. రంగుపత్తి దిగుబడి తెల్లదానికంటే తక్కువ, విడిగా పండించాలి, విడిగా జిన్ను పట్టించాలి. ధర ఆ మేరకు పైన లేకపోతే ఏ రైతు మాత్రం వేస్తాడు? "మంచిదేగదా వెయ్యండి" అని పట్నంలో కూర్చున్న మనం చెప్పటం తేలిక.

ఇంకొక్క మాట చేతుల గురించి. ఇందాక చెప్పానే, సాయంత్రం మొగ్గ గిల్లటం, పొద్దున పుప్పొడి రాయటం - మన కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సంకర విత్తనపు చేలల్లో ఆ పని ఒక్కొక్క పువ్వుకూ చేత్తోనే జరుగుతుంది. చిన్న వేళ్ళయితే చురుగ్గా చేస్తాయని ఆడపిల్లల్ని బడి మాన్పించి పెడుతున్నారని 1990ల చివర లోకమంతా గగ్గోలయింది. కంపెనీల పేర్లు బయటికొచ్చాయి, పిల్లల్ని మళ్ళీ బళ్ళో చేర్చే ఉద్యమాలు నడిచాయి. రేపు రంగుపత్తికే సంకరాలు వచ్చినా మొగ్గ గిల్లే చెయ్యి ఎవరిదో, ఎంత వయసుదో మనం అడుగుతూనే వుండాలి. రంగు వెయ్యని బట్ట కదా అని ఆ లెక్క మాఫీ కాదు.

చివరగా పనికొచ్చే సంగతులు రెండు చెప్పి సెలవు తీసుకుంటాను. మీ ఇంట్లోనో చుట్టాలింట్లోనో పాతకాలపు ఎర్రపత్తి చెట్టు వుంటే దాన్ని తెల్లపత్తి చేను దగ్గర మాత్రం పెంచకండి, పక్కవాడి బేలు పాడవుతుంది. ఇంటి వెనకనే వుంచి, మొగ్గ విచ్చకముందే పలచటి గుడ్డ సంచి కట్టి, ఆ కాయ గింజలే విత్తనానికి తీయండి. అప్పుడు తేనెటీగ దాని జోలికి రాదు, రంగు చెదరదు. గింజలు బాగా ఎండబెట్టి కాస్త బూడిద కలిపి నిలవచెయ్యండి. ఎప్పుడైనా గోధుమరంగు పత్తి బట్ట కొన్నారంటే మొదటి ఉతుకు వేన్నీళ్ళలో సబ్బుతో మీరే స్వయంగా ఉతికి చూడండి. తడిగా వున్నప్పుడు కాదు, ఆరిన తరువాత చూడాలి, కొన్ననాటి ముక్క ఒకటి పక్కన పెట్టుకుని.